కట్ట కింద పదిహేనోవాడు

"మీరే చంపారు. ఫెయ్ దొరా, తాడు వేయించింది నువ్వు. డోంగూ, ముడి వేసింది నువ్వు. దిమ్మిస తాళ్లు పట్టుకున్న ఎనిమిది మందీ, గుంజింది మీరు. గట్టు మీద నిలబడి ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్న నాలుగు వందల మందీ, మీరూ చంపారు. ఇప్పుడు అవే చేతులతో అగరొత్తులు వెలిగిస్తున్నారు. సిగ్గు లేదురా మీకు?"

ఏడేళ్లుగా చీనియాంగ్ ఈ మాటలు చేపల తలకాయలకు చెబుతూ వచ్చింది. గుడి వాకిట్లో చేపల బల్ల ఆమెది. కత్తి దిగిన ప్రతిసారీ ఒక పేరు. చేపలు నోరు తెరుచుకుని వినేవి. మనుషులు వినేవారు కాదు. వినబడేట్టు ఆమె ఎప్పుడూ అనలేదు కూడా. అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

ఈరోజు అనాలి. ఈరోజు తప్పితే ఇక అనడం దండగ.

కట్ట మీది దేవుడికి రాజధాని నుంచి బిరుదు తెప్పించాలని ఫెయ్ దొర అర్జీ పెట్టాడు. దేవుడికి బిరుదు కావాలంటే అతను చూపించిన మహిమలకు సాక్ష్యం కావాలి. సాక్ష్యం విచారించడానికి పక్క జిల్లా అధికారి రావాలి. సొంత జిల్లా అధికారి పనికిరాడు, ఊరివాళ్ల దగ్గర తింటాడని అనుమానం. పక్క జిల్లావాడు తినడని ఎవరు చెప్పారో మరి. ఆయన సంతకం పడితే చక్రవర్తి పేరుతో పలక వస్తుంది. పలక గుమ్మానికి ఎక్కిన రోజు నుంచి ఆ గుడిలో ఇటుక కదిపినవాడి మెడ మీద తల ఉండదు.

ఆ ఇటుకల కింద చీనియాంగ్ తమ్ముడు ఉన్నాడు. పడుకుని లేడు. నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టేసి.

అతని పేరు షివూ. పేరని అనడమే గానీ అది పేరు కాదు, పదిహేను అనే అంకె. పాన్ వాళ్ల పిల్లల్లో పదిహేనోవాడు కాబట్టి పదిహేను. ఆమె ఏడో ఆడపిల్ల కాబట్టి చీనియాంగ్. మట్టి మోసేవాళ్లకు పేర్లెందుకు, పిలిస్తే పలకడానికి ఒక అంకె చాలు. అతనికి ఇప్పుడు ఎనిమిది అక్షరాల బిరుదు ఇస్తారట. అలలను శాంతింపజేసి ప్రజలను కాపాడే ప్రభువు. బతికున్నప్పుడు ఒక్క అక్షరం ఇచ్చిన పాపాన పోలేదు.

ఏడేళ్ల కిందట, ఎనిమిదో నెల పున్నమికి సముద్రం ఎప్పటిలాగే నదిలోకి ఎదురెక్కింది. ఎప్పటికంటే ఎత్తుగా వచ్చింది. కట్టకు పడిన గండి మూడుసార్లు పూడ్చారు, మూడుసార్లూ కొట్టుకుపోయింది. వెదురు బుట్టల్లో రాళ్లు నింపి గండిలో దించడం పద్ధతి. రాళ్లు సర్కారువి, దించే బాధ్యత ఫెయ్ దొరది, కట్ట వెనక ఉన్న పొలాలన్నీ ఆయనవే కాబట్టి. మోసే వీపులు మాత్రం కూలీలవి.

నాలుగోసారి బుట్ట ఎత్తుతుంటే షివూకి బరువు తేడాగా అనిపించింది. కత్తి తీసి వెదురు కోశాడు. పైన రెండు వరసలు రాయి. కింద అంతా గడ్డి, ఇసుక.

"దొరా!" అని గట్టు మీంచి అరిచాడు. "రాళ్లెక్కడికి పోయాయి దొరా? మీ కొత్త ప్రహరీ గోడ చూడబోతే భలే ముద్దుగా ఉంది, అల దానికి గానీ తగులుతుందా ఏంటి?"

నాలుగు వందల మంది పకపకా నవ్వారు. మూడు వారాలుగా నడుములోతు బురదలో నవ్వనివాళ్లు ఒక్కసారి నవ్వారు. ఫెయ్ దొర పల్లకి తెర వేసుకుని వెళ్లిపోయాడు. మాటకు చంపేవాడు కాదేమో. ఆ నవ్వుకు చంపాడు.

రెండో రోజున నేల గుణం చూసేవాణ్ణి పిలిపించారు. వాడు దిక్సూచి పళ్లెం పట్టుకుని గండి చుట్టూ మూడుసార్లు తిరిగి, ఈ నేలకు ప్రాణమున్న గుంజ కావాలన్నాడు. పన్నెండేళ్లకోసారి వచ్చే పులి ఏడాదిలో పుట్టిన మగవాడు కావాలన్నాడు. కట్ట మీద పులి ఏడాదిలో పుట్టినవాళ్లు ముప్పై మంది ఉన్నారు. వేలు తిన్నగా షివూ మీదికి వెళ్లింది.

పట్టపగలు, అన్నం వేళ. షివూ చేతిలో గంజి గిన్నె ఉంది, అందులో ఆవాకు ఊరగాయ ఉంది. దొర పెత్తనదారు డోంగ్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. షివూ గిన్నె ఒకడి మొహాన కొట్టాడు. ఇంకొకడి చెవి కొరికి ఊడబెరికాడు. డోంగ్ ఇనుప కడ్డీతో అతని మోకాటి కింద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గట్టు ఆ చివరి దాకా వినబడింది. దిమ్మిసకు కట్టే తాడు తీసి చేతులు వెనక్కి విరిచి కట్టారు. గండి నోట్లో తవ్విన గోతిలోకి దించి నిలబెట్టారు. విరిగిన కాలు నిలబడదు కదా, ఇద్దరు పైనుంచి జుట్టు పట్టుకున్నారు.

చీనియాంగ్ మట్టి తట్ట పడేసి పరిగెత్తింది. ఆడవాళ్లే ఆమెను పడేశారు. ఒకామె వీపు మీద కూర్చుంది, ఇంకొకామె తల బురదలోకి నొక్కింది. నీ మంచికేనమ్మా అని తర్వాత చెప్పారు. నిజంగానే అలా అనుకుని ఉంటారు. బురదలోంచి ఆమెకు ఒక కన్నే కనబడింది, ఆ కంటితోనే అంతా చూసింది.

మట్టి నడుము దాకా వచ్చే వరకు షివూ ఫెయ్ దొర అమ్మనీ అమ్మమ్మనీ వరసపెట్టి తిట్టాడు. రొమ్ము దాకా వచ్చాక తిట్లు ఆగిపోయాయి. "అక్కా" అన్నాడు. ఆ తర్వాత అది ఒక్కటే.

డోంగ్‌కు ఆ పిలుపు నచ్చలేదు. దిమ్మిస పాట ఎత్తే హె దా వైపు తిరిగాడు.

"ఒరేయ్ హె దా, నోరు పడిపోయిందా? పాట ఎత్తు. వీడి గోల వినలేక చస్తున్నా."

హె దా ఎత్తాడు. ఎనిమిది తాళ్ల మీద రాతి దిమ్మిస లేవాలంటే పాట ఉండాలి, పాటలో మాటలు అప్పటికప్పుడు కట్టాలి, కంటికి కనబడేదే కట్టాలి. అది ఆ పనివాళ్ల పద్ధతి. హె దా ఏడుస్తూ కట్టాడు.

"ఎత్తరా తమ్ముడా, హైసా!
దించకురా తమ్ముడా, హైసా!
కింద ఉన్నది మన్ను కాదు, హైసా!
పాన్ వారి బిడ్డడురా, హైసా!"

దించవద్దని పాడుతూనే దించారు. మొదటి దెబ్బకు వచ్చింది మట్టి చప్పుడు కాదు. రెండో దెబ్బకు కూడా కాదు. మూడో దెబ్బ నుంచి మట్టి చప్పుడే. డోంగ్ పాట విని నవ్వాడు. పాడుకోండిరా, పాడితేనే కదా లేచేది అన్నాడు. పెద్దవాళ్లు పాటలకు భయపడరు. ఎవడికి భయపడాలో వాళ్లకు బాగా తెలుసు.

కట్ట నిలబడింది.

ఎందుకు నిలబడిందో చీనియాంగ్ చూసింది. ఆ మర్నాడే ఫెయ్ దొర ప్రహరీ గోడ కూలగొట్టించాడు. మనిషిని పాతిపెట్టాక కూడా గండి తెగితే పై అధికారులు అడుగుతారని భయం వేసింది. పదహారు బండ్ల రాయి తిన్నగా గండిలోకి వెళ్లింది. ఆ బండ్ల చక్రాల గాడి ఇంకా ఆ దారిలో ఉంది. కానీ జనం గాడి చూడలేదు. పదిహేనోవాడు భుజం పెట్టి కట్టను మోస్తున్నాడని చెప్పుకున్నారు. రాయి మోస్తోందంటే దాంట్లో కథేముంది?

నెల తిరక్కుండా భయం మొదలైంది. తాడు పట్టిన ఎనిమిది మందిలో ఒకడు బావిలో దూకాడు. ఇంకొకడు చెయ్యి వాచి, నల్లబడి, చచ్చాడు. ఆకలితో చచ్చినవాడు ఆకలి దయ్యమవుతాడు, అన్యాయంగా చచ్చినవాడికి తిండి పెట్టకపోతే ఊరిని తింటాడు. ఇది అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. ఎవరో గట్టు మీద మూడు ఇటుకలు పేర్చి చల్లటి గంజి పెట్టారు. పూనకం వచ్చే వెయ్ అవ్వ ఆ ఇటుకల ముందు ఒకనాడు ఊగిపోయింది. మగగొంతుతో అరిచింది.

"చేతులు విప్పండ్రా! చేతులు విప్పండ్రా! అక్కా, తాడు కోసుకుపోతోందే!"

అప్పటికి దేవుడు అంత వరకే. మూడు ఇటుకలు, ఒక గిన్నె గంజి, ఒక నిజం. డోంగ్ మనుషులు వచ్చి ఇటుకలు తన్నేశారు. వెయ్ అవ్వను కాళ్లు పట్టి కట్ట మెట్ల మీదుగా కిందికి ఈడ్చారు, తల ప్రతి మెట్టుకూ కొట్టుకుంది. మూడో రోజున పోయింది. ఊరు తలుపులు వేసుకుంది. మర్నాడు ఇటుకలు మళ్లీ లేచాయి, ఎవరు పేర్చారో తెలియదు.

మరుసటి ఏడు వసంతంలో, తెల్లవారి మంచు ఇంకా విడవకముందు, డోంగ్ ఆ ఇటుకల మీద నిలబడి ఉచ్చపోస్తుండగా చీనియాంగ్ చేపల కావడితో అటు వచ్చింది.

ఆమె ముందుగా ఏమీ అనుకోలేదు. తట్టలు దించింది. కావడి బద్ద రెండు చేతులా పట్టుకుంది. వెనకనుంచి మెడకూ తలకూ మధ్య కొట్టింది. డోంగ్ మోకాళ్ల మీద పడి వెనక్కి చూశాడు, "నువ్వా" అన్నాడు. అది ఆశ్చర్యం, భయం కాదు. ఇంకోసారి కొట్టింది. బోర్లా పడ్డాడు. వీపు మీద కూర్చుంది, ఆ రోజు ఆడవాళ్లు తన వీపు మీద కూర్చున్నట్టే. జుట్టు పట్టి తల ఎత్తి నోట్లో మట్టి కుక్కింది. అతను కరిచాడు, వేలు కోసుకుపోయింది, అయినా కుక్కింది. మట్టి చాలడం లేదని ఇటుక ముక్క ఒకటి తీసి లోపలికి తోసింది, బొటనవేలు గొంతు దాకా వెళ్లే వరకు తోసింది. కాళ్లు చాలాసేపు కొట్టుకున్నాయి. తర్వాత ఏటిలో చేతులు కడుక్కుని, వేలికి గుడ్డ చుట్టుకుని, సంతకు వెళ్లి చేపలన్నీ అమ్మింది.

మధ్యాహ్నానికి ఊరంతా గుప్పుమంది. పదిహేనోవాడు లేచాడు! డోంగ్ నోట్లో తన మట్టి తనే కుక్కాడు!

ఆమె వేలి గుడ్డను ఒక్కరూ చూడలేదు. చేపలమ్మే ఆడది అంత పని చేస్తుందని ఎవరు అనుకుంటారు? ఆమె కూడా నోరు మూసుకుంది. మొదట్లో సంతోషించింది కూడా. చచ్చిన తమ్ముడికి ఇంత బలం ఉందని ఊరు వణుకుతుంటే కడుపు చల్లబడింది. చేసింది తనే అయినా పేరు వాడికి పోనీ అనుకుంది. ఆమె చేసిన తప్పు చంపడం కాదు. ఆ పేరు వాడికి పోనివ్వడం.

ఎందుకంటే ఫెయ్ దొర కూడా వణికాడు. వణికిన దొర ఏం చేస్తాడు? గుడి కడతాడు. మూడు నెలల్లో కట్టాడు, సరిగ్గా ఆ గొయ్యి మీద కట్టాడు. లోపల విగ్రహం పెట్టాడు. తెల్లటి మొహం, బూరెల్లాంటి బుగ్గలు, తల మీద అధికారుల టోపీ. షివూది చప్పిడి ముక్కు, మొహం నిండా అమ్మవారి మచ్చలు. గంజి పోయింది, పంది తల వచ్చింది, సారా వచ్చింది. వెయ్ అవ్వ పోయింది, జీతం తీసుకునే పూజారి వచ్చాడు. చేతులు విప్పమన్న అరుపు పోయింది. దాని చోటున పాట వచ్చింది, ప్రజల కోసం నవ్వుతూ తానే గండిలోకి దూకాడని. ఆ పాట పాడడానికి ఎవరిని పెట్టారు? హె దానే పెట్టారు. నీలం అంగీ కుట్టించి, నెలకు బియ్యం కొలిచి ఇచ్చారు.

తర్వాత ఏడాదికొక కథ చేరింది. ఒక ఏడు నాగరాజు అతన్ని అల్లుణ్ణి చేసుకున్నాడు. ఇంకో ఏడు తెల్లగుర్రం మీద అలకు ఎదురెళ్లి వెనక్కి తరిమాడు, ఆ గుర్రాన్ని చూశామని ఇరవై మంది ఒట్టేశారు. మొన్నటి ఏడు ఫెయ్ దొర శియె పండితుణ్ణి పెట్టుకున్నాడు. సర్కారు కొలువు పరీక్ష నాలుగుసార్లు తప్పిన మనిషి. గుడిలో నాటే శాసనానికి కథ రాయాలి. రాసేవాడు దేవుడి అక్క దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీ తమ్ముడు పుట్టే ముందు మీ అమ్మగారికి కల ఏమైనా వచ్చిందా? సూర్యుణ్ణి మింగినట్టో, ఏదైనా?"

"కల కాదయ్యా, నొప్పులొచ్చాయి. ఆ నొప్పుల్లో మా నాయన్ని నానా బూతులూ తిట్టింది. రాసుకో."

"మరి ఇంట్లో వెలుగేమైనా...?"

"వచ్చింది. చూరంటుకుంది. ఇద్దరం పిల్లలం దుప్పట్లతో ఆర్పాం."

పండితుడు నవ్వాడు. చెడ్డవాడు కాదు, తిండి లేనివాడు. ఆమె పెట్టిన చేపపులుసు తాగి, తను తెచ్చుకున్న సారా తాగి, కూలబడి నిజం చెప్పాడు.

"అన్నీ ఇలాగే పెరిగాయమ్మా. నేనేం కొత్తగా చేస్తున్నానా? ఆదిలో వరద వస్తే ఒకడు స్వర్గంలోంచి తనంతట తాను పెరిగే మట్టి దొంగిలించుకొచ్చి అడ్డం వేశాడు కదా. వాణ్ణి ఏం చేశారు? పైవాళ్లే నరికారు. నరికాక వాడు చేప అయ్యాడన్నారు, కాదు మూడుకాళ్ల తాబేలన్నారు, కాదు ఎలుగుబంటన్నారు. మూడేళ్లు శవం కుళ్లలేదన్నారు, కడుపు కోస్తే కొడుకు పుట్టాడన్నారు. ఆ తర్వాత మాలాంటివాళ్లు వచ్చాం. తోకలు కోసేశాం, కొమ్ములు గీకేశాం, నెత్తిన టోపీలు పెట్టి మంత్రుల్ని చేశాం. ఇప్పుడు పుస్తకం తీసి చూడు, వాడు పని చేతకాని అధికారి. దొంగిలించిందెందుకో లేదు. నరికిందెవరో మెత్తగా ఒక ముక్క."

"మరి ఏటి అల?"

"అదీ అంతే. ముక్కుసూటిగా మాట్లాడాడని రాజు మంత్రిని చంపించాడు, తోలుసంచిలో కుట్టి ఏట్లో వేయించాడు. అల వాడి కోపమన్నారు జనం. జనం సరిగ్గానే అన్నారు. ఆ తర్వాత రాజులు వరసగా గుడులు కట్టి, బిరుదులిచ్చి, వాడికి కోపం తగ్గిందని రాయించారు." పండితుడు గిన్నె నాకాడు. "చంపినవాళ్లు ముందు తాడు తెస్తారు, తర్వాత నాలాంటివాణ్ణి తెస్తారు. పని ఒక్కటేనమ్మా."

"సిగ్గులేదా చెప్పుకోవడానికి?"

"ఉంది. బియ్యం లేవు."

ఈరోజు పొద్దున చీనియాంగ్ బల్ల పరుస్తుంటే హె దా నీలం అంగీలో వచ్చాడు. అరవై దాటినవాడు, ఆమె కళ్లలోకి చూసి ఏడేళ్లయింది.

"మామా, ఏం చెప్పబోతున్నావు అయ్యగారికి?"

"నువ్వు ఇంట్లో ఉండు పిల్లా. ఈ ఒక్కరోజు ఇంట్లో ఉండు."

"అంగీ బాగుంది. మెడ దగ్గర బిగుతుగా లేదూ? పాట ఎత్తిన గొంతు కదా."

"నోరు ముయ్యవే! నాకు మనవలున్నారు. వాడికి కోట్లమంది భక్తులొస్తారు, బంగారు పలకొస్తుంది. నీకేం నష్టం? దేవుడి అక్కవి, ఇంకేం కావాలి?"

"తమ్ముడు కావాలి. దేవుడు కాదు. ఎముకలైనా సరే."

హె దా అంగీ సర్దుకుని గుడిలోకి వెళ్లిపోయాడు.

పక్క జిల్లా అధికారి గుడి ముంగిట కుర్చీ వేసుకున్నాడు. ఆయన చల్లటి మనిషి, అల రాకముందే ఏరు దాటి వెళ్లిపోవాలని తొందర. టీ తాగుతూ కాగితం తిప్పాడు. ఫెయ్ దొర పక్కన వంగి నిలబడ్డాడు. శియె పండితుడు కలం పట్టుకున్నాడు. ముంగిలంతా జనం.

"మొదటి మహిమ. తానే స్వయంగా దూకి కట్టను నిలబెట్టడం. సాక్షి?"

హె దా మోకరిల్లాడు. "నేనయ్యా. నవ్వుతూ దూకాడయ్యా. నా పాట కోసం ఆగి మరీ దూకాడు."

అధికారి గీత గీశాడు. "రెండోది. గుడిని అవమానించిన పెత్తనదారు డోంగ్‌ను నోట మట్టి కుక్కి శిక్షించడం. సాక్షి?"

"ఊరంతా సాక్షేనయ్యా" అన్నాడు ఫెయ్ దొర.

"ఊరు వేలిముద్ర వెయ్యదు. ఒక మనిషి కావాలి. శిక్షించడం చూసిన మనిషి."

జనం ఒకరి వెనక ఒకరు జరిగారు. దయ్యాన్ని చూశానని సారా కొట్టులో అనడం వేరు, సర్కారు కాగితం మీద వేలు వెయ్యడం వేరు.

"నేనున్నాను" అంది చీనియాంగ్.

ఫెయ్ దొర మొహం వికసించింది. "దేవుడి స్వంత అక్కగారయ్యా! ఇంతకంటే ఏం కావాలి? రామ్మా, రా, దారి ఇవ్వండ్రా."

ఆమె వచ్చి మోకరిల్లలేదు. నిలబడింది. చేతులు చేపల పొలుసులతో మెరుస్తున్నాయి.

"డోంగ్‌ను చంపింది దేవుడు కాదు. నేను. కావడి బద్దతో రెండు దెబ్బలు కొట్టాను, వీపు మీద కూర్చున్నాను, నోట్లో మట్టి కుక్కాను. ఈ వేలు చూడండి. వాడి పళ్ల గాట్లివి."



"పిచ్చిదయ్యా!" అన్నాడు ఫెయ్ దొర. "తమ్ముడు పోయినప్పటి నుంచి ఇంతే. చేపలతో మాట్లాడుతుంది. అడగండి ఎవరినైనా."

"మాట్లాడతాను. చేపలు నీకంటే నయం, వాటికి నోరు తెరవడం వచ్చు. అయ్యా, నేను కుక్కింది మట్టి ఒక్కటే కాదు. ఇటుక ముక్క ఒకటి గొంతులో ఉంది, గుర్రపు పన్నంత. ఆ మాట ఊళ్లో ఎవరికీ తెలియదు. శవాన్ని కడిగినవాడికి తెలుసు. హె దా మామా, డోంగ్‌ను కడిగిందెవరు?"

హె దా మొహం నేలలో పెట్టుకున్నాడు. అధికారి కప్పు కింద పెట్టాడు.

"ముసలాడా, అడిగింది నిన్నే."

"నేనే కడిగానయ్యా. నేనే తీశాను. ఎర్ర ఇటుక. ఎవరికీ చెప్పొద్దని దొర అన్నారు, దేవుడు ఇటుక వాడడని." లేచి నిలబడ్డాడు. "ఇంకోటి కూడా అయ్యా. పదిహేనోవాడు దూకలేదు. కాలు విరగ్గొట్టి దించారు. తాడు ఇచ్చింది నా దిమ్మిస నుంచే. అక్కా అంటుంటే వినబడకుండా పాట పాడింది నేనే. నేనే అయ్యా, ఈ నోరే..."

మాట పూర్తి కాలేదు. ఫెయ్ దొర మనిషి ఒకడు కర్ర తిప్పి ఆ నోటి మీదే కొట్టాడు. దవడ పక్కకు జరిగిపోయింది, నీలం అంగీ ముందంతా ఎర్రబడింది. రెండో కర్ర నడుం మీద పడింది. హె దా కొడుకు అడ్డం దూకితే వాడి చెయ్యి విరిచారు. జనం ముందుకు తోసుకొచ్చారు, కర్రలు లేచాయి, ఒక ఆడమనిషి తలపగిలి చేపల బల్ల మీద పడింది. చీనియాంగ్ కర్ర పట్టినవాడి మణికట్టు పళ్లతో పట్టుకుంది, ఎముక తగిలే దాకా వదల్లేదు. నలుగురు కలిసి ఆమెను గుడి మెట్టు మీద అణిచి చేతులు వెనక్కి విరిచారు.

అధికారి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. కాగితం తడవకుండా ఎత్తి పట్టుకున్నాడు. గొడవ కాస్త సద్దుమణిగాక కలం అడిగి తీసుకున్నాడు.

"ఈ ఆడమనిషి హత్య ఒప్పుకుంది. కట్టండి. రెండో మహిమ కొట్టేస్తున్నాను." గీత గీశాడు. "కట్ట నిలబడిన మాట నిజమే కదా. అల వెనక్కి మళ్లిన మాటకు ఇరవై ఒట్లున్నాయి కదా. రెండు మహిమలు చాలు, నియమం అంతే. ముసలాడి మొదటి మాటే ఉంచుతాను. రెండోది దెబ్బల్లో వచ్చింది."

"దెబ్బలు మాట తర్వాత వచ్చాయి అయ్యా" అన్నాడు శియె పండితుడు మెల్లగా. అతని చేతిలో ఇప్పుడు కలం లేదు.

అధికారి వినలేదు. సిరాలో ముంచాడు. ఫెయ్ దొర ముద్ర పెట్టె మూత తీశాడు. చీనియాంగ్ మెట్టు మీంచి తల ఎత్తింది. వీపు మీద మోకాలుంది, అయినా గొంతు లేచింది. ఏడేళ్లు చేపలు విన్న గొంతు అది.

"నన్ను నరకండి, కాదనను. చంపాను కాబట్టి నరకండి. రేపు నరకండి. ఈరోజు తవ్వండి. తాడు పట్టిన ఎనిమిది మందిలో ఐదుగురు ఇంకా బతికున్నారు, నాకు కనబడుతున్నారు. లూ అన్నా, ఆ స్తంభం వెనక దాక్కోకు. పూడ్చింది మీరు, తీయాల్సింది మీరే. ఆ బుగ్గల బొమ్మను ఎత్తి బయట పెట్టండి, అది మావాడు కాదు. పీట పగలగొట్టండి. రెండు నిలువుల లోతు. ఏరు తగ్గి ఉంది, కట్టకేం కాదు, కట్టను మోస్తున్నది రాయి. మోకాటి కింద ఎముక విరిగి ఉండకపోతే, మణికట్లకు దిమ్మిస తాడు లేకపోతే, నన్ను ఆ గోతిలోనే నిలబెట్టి పూడ్చండి, పాట నేనే పాడతాను. ఉంటే ఫెయ్ దొర ఏరు దాటకూడదు. పల్లకి విరగ్గొట్టండి. పడవ తాడు కోసెయ్యండి. అయ్యా, ఆ ముద్ర మూత పెట్టు. ముందు ఎముకలు చూడు, తర్వాత రాయి. ఒకసారి రాశారంటే ఇక తరతరాలూ వాడు నవ్వుతూనే దూకుతాడు. చూస్తారేంట్రా? పారలు తెండి. ఎవడిదిరా మొదటి పార? తవ్వండి!"